పాటల గుంపు నడుమ ట్రైలర్

ఆ పొద్దు వేమగల్‌లో ఒక పెద్ద మిషన్‌ను ట్రైలర్ మీదికి ఎక్కించుకొని కేజీఎఫ్ దారిలో పోతా ఉంటిని. మాది కామసముద్రం పక్క పల్లె. ఇంట్లో అందరూ రాగులూ ఆవులూ చూసుకునేవాళ్ళే, స్టీరింగ్ పట్టింది నేనొక్కణ్ణే. ఆ దినం క్లీనర్ కూడా లేడు, వాళ్ళక్క పెండ్లని ఊరికి పోయినాడు.

మెయిన్ రోడ్డు తవ్వేసి, పక్కకు తిరగమని బోర్డు పెట్టి ఉంటే తిరిగినాను. ఆ దారి పోయి పోయి కేజీఎఫ్‌లోనే ఊరిగాం అనే చోట, పాత బంగారు గనుల కంపెనీ ఇండ్ల మధ్యకి తెచ్చింది. అప్పటికే చీకటి పడింది. ముందర రైలు వంతెన. నా లోడు దాని కింద పట్టేది కాదు.

బండి నిలిపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, వెనక ఎర్ర త్రికోణం పెట్టి, టార్చి పట్టుకొని వచ్చిన దారంతా నడిచి చూసినాను. ఒక మలుపు. ఒక పక్క మోరీ, ఇంకో పక్క చర్చి ప్రహరీ గోడ. వెనక్కి తీసేటప్పుడు స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ తోక ఎడమకి పోతుంది. పగలైతే అద్దాల్లో చూసుకుంటా తీయొచ్చు, చీకట్లో తోక యాడ ఉండాదో తెలీదు. వెనక మనిషి లేకుండా రాత్రిపూట రివర్స్ తీయొద్దని నాకు పని నేర్పినాయన మొదటి దినమే చెప్పినాడు. అందుకే మెట్టు మీద కూర్చొని ఎవురైనా వస్తారేమోనని చూస్తా ఉంటిని.

వచ్చినారు. ఒకరు కాదు, ఒక గుంపే వచ్చింది. క్రిస్మస్ ముందర ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్ళు. కర్రకు కట్టిన కాగితం నక్షత్రం, గిటారు, డప్పు, చేతుల్లో టార్చీలు. సంగతి చెప్పగానే అందరూ సాయానికి వచ్చేసినారు. బండి కదిలించినానో లేదో, తమిళంలో ఒకరు రమ్మంటారు, కన్నడలో ఇంకొకరు ఆగమంటారు, తెలుగులో మరొకరు కుడికి అంటారు. టార్చీల వెలుగంతా నా అద్దంలోనే. ఇంజిన్ ఆపేసి కిందికి దిగినాను. సైగ ఒక్కరే చెయ్యాల, వెలుగు నేల మీద పడాల అని బతిమాలినాను.

వాళ్ళలో పాటలు నడిపించే ఒకామె ముందుకొచ్చింది. స్వెట్టరు మీద చీర కొంగు బిగించుకొని ఉండాది.

"నేను నిలబడతానన్నా. పాటల్లో ఇంతమందికీ దినమూ చెయ్యి చూపించేది నేనే," అనింది.

"సరేమ్మా. నువ్వు నాకు అద్దంలో కనిపించకపోతే బండి కదలదు. చెయ్యెత్తి పిడికిలి పట్టితే ఆగిపోతా. బండి వెనక మాత్రం నిలబడొద్దు, పక్కకుండు."

మిగిలినవాళ్ళు మోరీ అంచు పొడుగునా వరసగా నిలబడి టార్చీలు కిందికి పట్టినారు. ఆమె చెయ్యి ఆడించింది. పాటకు తాళం వేసినట్టు అంత నిదానంగా, అంత స్పష్టంగా సైగ చేసినవాళ్ళని నేను ఏ యార్డులోనూ చూడలేదు. బండి ఆమె చేతి వెంబడే పోయింది.

మలుపు సగం తిరిగినాక పిడికిలి లేచింది. బ్రేకు వేసి దిగి పోయి చూస్తే, రోడ్డు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని ఒక అవ్వ కూర్చొని ఉండాది, శాలువా కప్పుకొని. పాటలోళ్ళు వస్తారని బయటికొచ్చిందంట. లారీ వస్తా ఉండాది, లేయమంటే లేయదు.

"పోయిన ఏడు మా ఇంటికి రాకుండానే పోయినారు. పాడినాకనే లేస్తా," అనింది.

ఇంగ ఏం చేస్తారు? ట్రైలర్‌ను అట్లే అడ్డంగా నిలిపి, ఇండికేటర్ల పసుపు వెలుగులో అవ్వ కోసం రెండు పాటలు పాడినారు. డప్పు దరువుకు నేను బండి పక్క చెక్క మీద చెయ్యి కొట్టినాను. అవ్వ కండ్లు తుడుచుకొని, తన కుర్చీ తానే మోసుకొని గోడ పక్కకు పోయింది. ఆ తర్వాత తోక గోడకు తగలకుండా, చక్రం మోరీలో దిగకుండా, ఇంకో దారి ఉండే వెడల్పు రోడ్డెక్కినాను.

పాటలు నడిపించే ఆమె పరిగెత్తి వచ్చి, కిటికీలోంచి పేపర్లో చుట్టిన కల్‌కల్‌లు అందించింది. కరకరలాడే ఆ పిండివంట నేను అదే మొదటిసారి తినడం. కేజీఎఫ్ దాటినాక బండి రోడ్డు పక్కకు నిలిపి నా పెండ్లానికి ఫోన్ చేసినాను. ఎందుకింత సంతోషంగా ఉండావని అడిగితే, అవ్వకు పాడిన పాట ఒకటి పాడి వినిపించబోయినాను. మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు, రాగం మాత్రమే వచ్చింది. ఆమె నవ్వతానే ఉండింది.