లోపాలతో సహా అమ్మబడును

మిస్ హెస్టర్ పెన్‌ఫోల్డ్ గారికి ఉన్నది ఒకటే జబ్బు. తన ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లకి ఆ ఇంట్లో ఉన్న లోపాలన్నీ తానే దగ్గరుండి చూపించేది. అమ్మడం ఇష్టం లేక కాదు. మోకాళ్లు అరిగిపోయాయి, తోట చూస్తే ఎకరాల కొద్దీ ఉంది. చలికాలం రాకముందే సముద్రం ఒడ్డున చెల్లెలి దగ్గరికి చేరిపోవాలని ఆవిడే పట్టుబట్టి అమ్మకానికి పెట్టింది. కానీ ఎదురుగా మనిషి నిలబడి "ఇల్లెలా ఉందండీ?" అని అడిగితే, నిజం చెప్పకుండా ఊరుకోవడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. ఇంగ్లండులో, అందునా డోర్సెట్ పల్లెల్లో, ఇది చాలా అరుదైన జబ్బు.

ఆ జబ్బుకి బలైపోయినవాడు క్లైవ్ హాబ్‌డే. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. నలభై ఏళ్లొచ్చినా పెళ్లి కాలేదు. ఆఫీసు మేడ మీద ఒంటి గదిలో డబ్బా చిక్కుళ్లు వేడి చేసుకు తింటూ రోజులు వెళ్లదీస్తున్నాడు. అయితేనేం, అతని చేతిలో ఒక విద్య ఉంది. ఇద్దరు నిలబడితే మూడోవాడు కిటికీలోంచి మాట్లాడాల్సిన గదిని "హాయిగా ఒదిగిపోయే గది" అంటాడు. వందేళ్లుగా సున్నం చూడని గోడని "పాతకాలపు సొగసు చెక్కుచెదరని గోడ" అంటాడు. పెన్‌ఫోల్డ్ గారి ఇంటికి కూడా తన పనితనమంతా చూపించి ప్రకటన రాశాడు. ‘మూడువందల ఏళ్ల నాటి ముచ్చటైన పల్లె ఇల్లు. గడ్డి కప్పు, ఓకు దూలాలు, కనుచూపు మేర తోటలు. చూసినవాళ్లు వదలరు.’

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"ఎంత బాగుందో! ఎక్కడుందబ్బాయ్ ఈ ఇల్లు? నేనే కొనుక్కుంటాను."

"ఇదేనండీ. మీ ఇల్లే."

"మా ఇల్లా? మరి వంటింట్లో కప్పు కారే చోట పెట్టిన బకెట్టు సంగతి రాయలేదేం?"

ఆ దేశంలో ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్లు చూడ్డానికి వచ్చే వేళకి ఇంటివాళ్లు ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోవాలి. ఏజెంటు తాళం తీసి, తన అబద్ధాలు తాను ప్రశాంతంగా చెప్పుకుంటాడు. కానీ ఒక పెద్దావిడతో, ఆవిడ ఇంట్లోనే నిలబడి, "కాస్త బయటికి వెళ్తారా?" అనడానికి క్లైవ్‌కి మర్యాద అడ్డొచ్చింది.

"ఎండ ఎంత బాగుందోనండీ! అలా నడిచి రావచ్చు" అన్నాడు.

"నాకు ఎండ పడదు నాయనా."

"చర్చి పక్కన టీ కొట్లో కేకు చాలా బాగుంటుందట."

"నా కేకు కంటేనా?" అంటూ ఆవిడ పొయ్యిలోంచి ఒక కేకు తీసి కోసింది. కొయ్యడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. క్లైవ్ మొత్తం తిన్నాడు. అదీ మర్యాదే.

మొదట వచ్చింది లండన్ నుంచి ప్రిడో దంపతులు. గేటు దగ్గర మొదలుపెట్టి అన్నిటికీ "ఎంత బావుందో!" అంటూ నడిచారు. గులాబీ మడులు చూసి, ఇవి తవ్వించేసి ఇక్కడ ఈత కొలను కట్టిస్తామన్నారు.

"తవ్వడం దేనికమ్మా, దండగ?" అంది పెన్‌ఫోల్డ్ గారు. "జనవరి దాకా ఓపిక పట్టు. ఏరే ఇంట్లోకొస్తుంది. పోయినేడు ఈ సోఫా మీదకి ఎక్కింది."

"అది ఎప్పుడో ఒకసారి లెండి" అన్నాడు క్లైవ్ గబగబా.

"ఏడాదికి ఒకసారే. క్రిస్మస్ ఎలాగో ఇదీ అంతే."

ప్రిడో గారు గడ్డి తీసేసి పెంకు వేయించవచ్చా అని అడిగాడు. పాత ఇల్లు కాబట్టి మేకు కొట్టాలన్నా సర్కారు అనుమతి కావాలనీ, ఆ అనుమతి వచ్చేలోగా మేకే తుప్పు పడుతుందనీ ఆవిడ చెప్పింది. "చాలా బావుందండీ" అని భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే లేచారు. ఇంగ్లీషువాడు లేచి నిలబడి ఆ మాట అన్నాడంటే మళ్లీ ఆ గుమ్మం తొక్కడు. ఆవిడ వాళ్లని గేటు దాకా సాగనంపి, తీరిగ్గా ఏదో మాట్లాడి వచ్చింది.

తర్వాత ఒక రిటైరయిన మేజరు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. దూలాలేమో క్లైవ్ తలకే తగిలేంత కిందికి ఉన్నాయి. "వంగండి" అని క్లైవ్ అనేలోపే పెన్‌ఫోల్డ్ గారు "ఇప్పుడు తగులుతుంది చూడండి" అనేది, తగిలేది. మేజరు ప్రతి దూలానికీ "క్షమించండి" అని చెప్పుకున్నాడు. నుదుటి మీద మూడు బొప్పెలతో, చాలా బావుందని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన్నీ గేటు దాకా సాగనంపింది.

ఆఫీసులో క్లైవ్ పై అధికారి ట్రసెల్ గారు బల్ల గుద్దాడు. "సెప్టెంబరు లోపల ఆ ఇల్లు అమ్ముతావా, లేకపోతే స్విండన్‌లో మీ అమ్మ దగ్గరికి పోతావా?"

స్విండన్ అంటే క్లైవ్‌కి హడలు. అక్కడ అమ్మ ఇంట్లో అతని చిన్నప్పటి గది ఇంకా అలాగే ఉంది, రైలింజన్ల బొమ్మల దుప్పటితో సహా. తల్లి ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఆ దుప్పటి ఉతికానని చెబుతుంది. నేరుగా పెన్‌ఫోల్డ్ గారి దగ్గరికి పరిగెత్తి, మర్యాద పక్కన పెట్టి ఉన్నదున్నట్టు మొరపెట్టుకున్నాడు.

"అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దూ! ఈసారి నోరు విప్పితే ఒట్టు" అందావిడ.

ఈసారి వచ్చింది చంకన పసివాడితో లూస్‌మోర్ దంపతులు. పెన్‌ఫోల్డ్ గారు పెదాలు బిగించుకుని కూర్చుంది. నోరు విప్పలేదు. కాకపోతే చేతిలో గొడుగు ఉంది. క్లైవ్ "ఈ గదిలో వెలుతురు చూడండి" అంటుంటే, గొడుగు మెల్లగా లేచి కప్పు మీద తడి మరకని చూపించింది. "ఈ నేల చూడండి, ఓకు చెక్క" అంటే, గొడుగు వెళ్లి ఒక చెక్కని పొడిచింది. చెక్క లోపలికి పోయింది.

పసివాడి తల్లి బెథన్ నవ్వు ఆపుకుంటూ, "మా బాబుకి ఇక్కడ బాగుంటుందాండీ?" అని ఆవిడనే అడిగింది.

ఆవిడ క్లైవ్ వంక చూసింది. పసివాడి వంక చూసింది. ఒట్టు తీసి గట్టున పెట్టేసింది.

"వద్దు తల్లీ. పడగ్గది గోడ చెమ్మ. పిల్లాడికి దగ్గు పట్టుకుంటుంది. తోటలో కుంటకి కంచె లేదు, వేయనివ్వరు."

క్లైవ్ గడప మీద కూలబడ్డాడు. ఆవిడ వాళ్లని సాగనంపి వచ్చి, "పసివాడు కదా నాయనా, నా వల్ల కాలేదు" అంది. ఆవిడ చెప్పింది తప్పని అతనికీ అనిపించలేదు, అదే బాధ.

సోమవారం పొద్దున్న సామాను సర్దుకుని కిందికి దిగేసరికి ట్రసెల్ గారు ఎదురొచ్చి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. క్లైవ్‌కి ఇంకా భయమేసింది.

"ఏం మంత్రం వేశావయ్యా? ప్రిడోవాళ్లు ఫోన్ చేశారు, కొంటే నీ దగ్గరే కొంటారట. మేజరూ అదే మాట. లూస్‌మోర్ వాళ్లు లోపలే ఉన్నారు, నువ్వు తప్ప ఇంకెవరూ వద్దట!"

లోపలున్న బెథన్ అసలు సంగతి చెప్పింది. "పెన్‌ఫోల్డ్ గారు గేటు దగ్గర ఒకటే పోరు పెట్టారండీ. ‘ఈ ఇల్లు మీకొద్దు గానీ ఆ క్లైవ్‌ని వదలకండి. రాసేవి శుద్ధ అబద్ధాలు. కానీ, నువ్వైతే ఇందులో ఉంటావా అని మొహం మీద అడిగి చూడండి. చెవులు ఎర్రబడతాయి, నిజం కక్కేస్తాడు. అంత మంచి పిల్లాడు ఈ చుట్టుపక్కల లేడు. దిక్కూ మొక్కూ లేకుండా ఉన్నాడు, ఎవరైనా చూసుకోవాలి’ అన్నారు."

క్లైవ్ చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి. ఆదివారం సాయంత్రాలు ఆవిడ దగ్గరే కేకు తింటూ, ఆవిడ తన కొంప ముంచుతోందని వేసవంతా తిట్టుకున్నాడు. ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలీక కిటికీలోంచి బయటికి చూశాడు.

ట్రసెల్ గారు అతన్ని పక్కకి లాక్కెళ్లాడు. "ఇదిగో, ఆ ఇల్లు మాత్రం ఈ జన్మలో అమ్మకు! వచ్చిన ప్రతివాణ్ణీ ముందు అక్కడికే పంపు. ముసలావిడ అక్కడ కూర్చున్నంత కాలం మన వ్యాపారానికి ఢోకా లేదు."

జీవితంలో మొదటిసారి క్లైవ్ ఒక పెద్దమనిషి మాటకి అడ్డు చెప్పాడు. "కుదరదు సార్. చలి మొదలైతే ఆవిడ ఆ ఇంటి మెట్లు ఎక్కలేరు. అమ్మి తీరతాను. కావాలంటే నన్ను తీసేయండి."

ఆ సాయంత్రమే వెళ్లి పెన్‌ఫోల్డ్ గారి పక్కన కూర్చుని ప్రకటన తిరగరాశాడు. కప్పు కారుతుంది. ఏరు ఇంట్లోకొస్తుంది. తల పగులుతుంది. తోట మనిషిని మింగేస్తుంది. "మంచిదేమైనా ఒక్కటి చెప్పండి" అని అడిగితే ఆవిడ చాలాసేపు తడుముకుంది. "మే నెలలో ఆపిల్ చెట్లు పూసినప్పుడు పొద్దున్నే టీ పట్టుకుని బయట కూర్చుంటే, ఏడాదంతా ఈ ఇంటిని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది" అంది. అదీ రాశాడు.

ఇంగ్లీషువాళ్లకి సుఖం మీద నమ్మకం లేదు. కష్టమంటే మాత్రం ఎగబడతారు. ఆదివారానికి గేటు ముందు వరస కట్టారు. అందరికంటే ముందు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని మాడ్ ట్రికెట్ అనే భారీ మనిషి నిలబడింది.

"మా తోటలో నత్తలు ఎక్కువ" అంది పెన్‌ఫోల్డ్ గారు.

"మీవీ నత్తలేనా? మా ఊళ్లో నత్తలు కుక్కగిన్నెలోంచి తిన్నాయి."

"కప్పు కారుతుంది."

"మాది కూలింది."

పెన్‌ఫోల్డ్ గారికి పుట్టి బుద్ధెరిగాక ఇంత అవమానం జరగలేదు. లోపాలన్నీ అయిపోయాయి, ట్రికెట్ గారి నవ్వు చెక్కుచెదరలేదు. బేరం కుదిరింది. సంతకం పెట్టబోతూ పెన్‌ఫోల్డ్ గారు కలం ఆపేసింది.

"ఒక్క లోపం చెప్పలేదు. మళ్లీ దాచానంటావు. ఈ క్లైవ్ ఉన్నాడే, ఆదివారం సాయంత్రం తోచక ఏదో పని ఉన్నట్టు ఇక్కడికి వచ్చేస్తాడు. పొమ్మంటే తప్ప పోడు. ఇంటితో పాటు ఇతనూ వస్తాడు. ఇష్టమైతేనే కొను."

"అబ్బే, నేను..." అన్నాడు క్లైవ్. చెవులు కాలిపోతున్నాయి.

ట్రికెట్ గారు అతన్ని పైనుంచి కిందికి, కొనబోయే వస్తువుని చూసినట్టు చూసింది.

"గడ్డి కోయడం వచ్చా?"

"రాదండీ" అన్నాడు క్లైవ్.

"నిజం చెప్పాడు. ఉంచేయండి" అంటూ ఆవిడ కలం అందుకుంది.