బావ బిగింపు

మా కార్ఖానాలో ఏ బోల్టు వదులుగా కనబడినా ఇప్పటికీ ‘బావ బిగింపు’ అంటారని మొన్నామధ్య అక్కడ పనిచేసే ఒకతను నవ్వుతూ చెప్పాడు. ఆ బావ ఎవరో అతనికి తెలియదు. నాకు తెలుసు. ఈ వయసులో కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నాను గానీ, ఇది మాత్రం మరిచిపోలేదు, పోను.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఉంది కార్ఖానా. జిన్నింగ్ మిల్లుల్లో పత్తిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సులు చేసేవాళ్ళం. రెండువేల సంవత్సరం అటూ ఇటూగా టార్కు రెంచీలు కొన్నారు. మావాళ్ళు వాటిని టిక్కుపానాలు అన్నారు. ఎంత బిగువు కావాలో ఆ అంకె మీదికి పిడి తిప్పి పెడితే, బోల్టు అంత బిగుసుకోగానే లోపలి స్ప్రింగు టిక్కుమంటుంది. అక్కడితో ఆపాలి. చిక్కేమిటంటే, స్ప్రింగు నీరసించినా టిక్కుమంటుంది. కాకపోతే ముందే అంటుంది. వినేవాడికి తేడా తెలియదు. అందుకని పొద్దున పని మొదలయ్యే ముందూ, మధ్యాహ్నం అన్నాలయ్యాకా పానాని ముల్లున్న స్టాండుకి తగిలించి లాగి చూడాలి. టిక్కు పడినచోట ముల్లు సరైన అంకె చూపిస్తేనే దాన్ని పనిలోకి పంపాలి. సాయంత్రం పిడిని అట్టడుగు అంకెకి దించి స్ప్రింగుకి విశ్రాంతి ఇవ్వాలి. ఇదంతా నా పని. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పానాతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

దానికే బావ నన్ను పంతులూ అనేవాడు. బావ నాకు చుట్టం కాదు. ప్రెస్సు సిలిండరు మూత బిగించే పెద్ద ఫిట్టరు, కార్ఖానా అంతటికీ బావే. నోటిదురుసు మనిషి.

“ఏం పంతులూ, నీ గడియారానికి హారతి అయిందా? పానా ఇస్తావా, పోయి పడుకోమంటావా?” అని రోజూ పొద్దున్నే ఎకసెక్కం. అలా అంటూనే, నేను చూసి ఇచ్చేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ. ఎర్రగుడ్డ పరిచి పనిముట్లన్నీ పేర్చాం. టిక్కుపానాలని నేను అట్టడుగు అంకె మీద పెట్టాను. యజమాని వంగి చూసి మొహం చిట్లించాడు.

“సున్నా మీద పెట్టి పూజ చేస్తే ఏడాదంతా వ్యాపారం సున్నాయేగా?”

సున్నా కాదండీ అని చెప్పేలోపే ఫోర్‌మన్ ఒక్కో పిడినీ పై అంకెదాకా బిగించేశాడు.

“అలా వదిలేస్తే స్ప్రింగు చచ్చిపోతుందండీ” అన్నాను.

“పండగపూట ఆ చావుమాటలేంట్రా, నోరు కడుక్కో” అన్నాడు ఫోర్‌మన్. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు.

ఉద్వాసన చెప్పేదాకా పూజలో వస్తువు ముట్టుకోకూడదు. సెలవులన్నాళ్ళూ పానాలు ఆ బిగువులోనే పడున్నాయి. పని మొదలైన పొద్దున నేను పెద్ద పానాని స్టాండు దగ్గరికి తీసుకెళ్ళబోతే ఫోర్‌మన్ లాక్కున్నాడు.

“పూజలో పెట్టినదానికి పరీక్షేంటి? అమ్మవారిని తూకం వేస్తావా? రాహుకాలం రాకముందే తొలి ప్రెస్సు బిగించాలి.”

పానా బావ చేతిలో పెట్టాడు. పసుపు కుంకుమలు ఇంకా దానిమీదే ఉన్నాయి. మధ్యాహ్నం బావ నా దగ్గరికొచ్చి, “తేలిగ్గా టిక్కుమంటోంది పంతులూ” అన్నాడు. నేను పోయి ఫోర్‌మన్‌కి చెప్పాను. “అదే పూజాఫలం” అన్నాడతను. పత్తి సీజను. మిల్లులవాళ్ళు తొందరపెడుతున్నారు. పరీక్షలు తర్వాత చూద్దామన్నారు. ఆ ‘తర్వాత’ రాకుండానే ప్రెస్సులు లారీలెక్కి వెళ్ళిపోతూ వచ్చాయి.

పర్చూరు వైపు ఒక మిల్లులో మా ప్రెస్సు సిలిండరు మూత లేచింది. కాగిన ఆయిలు చిమ్మి, ప్రెస్సు నడిపేవాడి చెయ్యి మోచేతిదాకా ఉడికిపోయింది. మిల్లు యజమాని జీపులో వచ్చి బోల్టులు బల్లమీద పోశాడు. “వేళ్ళతో తిప్పితే ఊడొచ్చాయి. ఎవడు బిగించాడు?” అన్నాడు.

ఆయన్ని సాగనంపాక మా యజమాని అందర్నీ షెడ్డులో నిలబెట్టాడు. ఫోర్‌మన్ అందుకున్నాడు. “బావ చేతుల్లో పట్టు పోయిందండీ. ఇంక ఆడాళ్ళ పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తుంచుకోవాల్సిందే.”

మళ్ళీ నవ్వులు. బావ మాత్రం ఈసారి నవ్వలేదు.

“నా చేతుల సంగతి తర్వాత. ఆ పానాని పంతులు స్టాండుకి తగిలించండి. అది సరిగ్గా ఉంటే నేనే పోతాను” అన్నాడు.

యజమాని సరేనన్నాడు. తగిలించి లాగాను. ముల్లు చేరాల్సిన చోటికి చాలా ముందే టిక్కుమంది. మళ్ళీ లాగాను, అంతే. యజమానే స్వయంగా లాగి చూశాడు. ముల్లు ఆయన కళ్ళముందే అక్కడే ఆగింది. బావ గెలిచాడనుకున్నాను.

యజమాని చేతులు తుడుచుకుని ఫోర్‌మన్‌తో అన్నాడు. “తప్పు పానాదయితే దసరా తర్వాత పోయినవన్నీ తప్పే. సీజన్లో ఏ మిల్లువాడు ఊరుకుంటాడు? తప్పు ఇతనిదయితే ఒక్క ప్రెస్సే. రేపట్నుంచి రావద్దని చెప్పు.”

“నేనిక్కడే ఉన్నాగదండీ. నాకే చెప్పండి” అన్నాడు బావ.

యజమాని వినిపించుకోనట్టు గదిలోకి వెళ్ళిపోయాడు.

“నీ గడియారం చెప్పిందిగా పంతులూ?”

“చెప్పింది బావా.”

“మరి?”

బావ పానా తీసుకుని, పిడిని అట్టడుగుదాకా వదులు చేసి, ఎండిన పసుపు గోటితో గీకి పెట్టెలో పెట్టాడు. “ఉద్యోగం ఊడినోడికి దాని మీద జాలెందుకు?” అన్నాడు ఫోర్‌మన్. ఆ మర్నాడే ఎక్కడో వదులు బోల్టు చూసి ‘బావ బిగింపు’ అని మొదటిసారి అన్నదీ అతనే.

వారం తిరక్కుండా ఇద్దరు ఫిట్టర్లని మిల్లులన్నిటికీ పంపారు. ఉచిత సర్వీసు అని చెప్పి దసరా తర్వాతి ప్రెస్సుల బోల్టులన్నీ మళ్ళీ బిగించి రమ్మన్నారు. పట్టుకెళ్ళే పానాని బాగుచేయించి తెచ్చి, “ఒకటికి రెండుసార్లు చూడు” అని నా చేతికిచ్చింది ఫోర్‌మనే. ఇంత మంచి కంపెనీ లేదని మిల్లులవాళ్ళు మెచ్చుకున్నారట.

ఎండాకాలంలో గుంటూరు మిరప యార్డు వెనక షెడ్డులో బావ కనబడ్డాడు. కాయల కుప్ప ముందు, ఆడవాళ్ళ వరసలో కూర్చుని తొడిమలు తుంచుతున్నాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. నన్ను చూడగానే ముందు అడిగింది ఒకటే.

“మిగతావి బిగించారా?”

“అప్పుడే బిగించారు.”

“నాకెవరూ చెప్పలేదు పంతులూ. అన్నీ నా చేతివేగా. ఎక్కడ ఎవడి చెయ్యి కాలుతుందోనని ఇన్నాళ్ళూ...” అని దగ్గు తెర ఆగాక, తల ఎత్తకుండా అడిగాడు. “అక్కడ నన్నెవరన్నా తలుచుకుంటారా?”

“రోజూ తలుచుకుంటారు బావా” అన్నాను. అందులో అబద్ధం లేదు.