వేలికి నూలు తెలియని పూట

నిన్న పన్ను పీకించుకోవడానికి పోతే, చిగుళ్లకు సూది వేసిన డాక్టరమ్మ "అనస్థీషియా ఇచ్చిన తాతా, ఫికర్ చెయ్యకు" అంది. ఆ స్పిరిట్ వాసనకు మా బాపు చూపుడు వేలు గుర్తొచ్చింది.

బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. ఒకసారి ఆ వేలి మొదట్లో గడ్డ లేచింది. దవాఖానలో ముందు సూది వేసి, తర్వాత కోశారు. కత్తి ఆడుతుంటే బాపు నవ్వుతూ కూర్చున్నాడు.

"నొస్తలేదా బాపూ?"

"ఏం తెలుస్తలేదు కొడుకా. వేలు నాది కానట్టే ఉన్నది."

నాకు భయం పట్టుకుంది. మగ్గం మీద నూలు బిగువు బాపు చూసేది ఆ వేలి కొసతోనే. నొప్పితో పాటు ఆ తెలివినీ కోసి పారేశారనుకున్నాను. వేలికి మళ్లీ తెలుస్తుందా అని కాంపౌండరును అడిగితే "పో పోరడా, నీకేం సమజైతది!" అని కసిరాడు. ఇప్పటికీ నాకు కోపమే. ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయేది?

ఇంటికొచ్చాక కట్టు బయట ఉన్న వేలి కొస మీద నూలు పోగు లాగుతూ కూర్చున్నాను.

"తెలుస్తాందా?"

"లేదురా."

పొద్దుగూకే వేళ, కళ్లు మూసుకునే అన్నాడు బాపు: "ఆగు, ఈడ ముడి ఉన్నది."

నిజంగానే ఉంది. అప్పటిదాకా నా కంటికే ఆనలేదు.

పెద్దయ్యాక అనస్థీషియా అనే మాట కోసం నిఘంటువు తిరగేశాను. స్పర్శ తెలియకపోవడం అని ఉంది. తిరిగి వస్తుందని అందులోనూ రాయలేదు.

అందుకే నిన్న డాక్టరమ్మను అడిగాను. "రెండు గంటల్ల వస్తది తాతా" అంది, విసుక్కోకుండా. ఇంట్లో చెంప తడుముకుంటూ కూర్చున్నాను. చిగుళ్లు సలపడం మొదలైతే సంతోషమే అయింది.