కేళీలు ఏరిన చేను

సంగం ఆనకట్ట కింద మా అన్న సేద్యం. నేను నెల్లూరులో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఒక ఏడు అగ్గితెగులు వచ్చి మా పాత వరి మొలగొలుకులు పొట్టమీదే మాడిపోయాయి. ఇంటిల్లిపాదీ కొన్న బియ్యం తిన్నాం. మరుసటి ఏడు తెగులు సోకని కొత్త వరి వచ్చింది. అన్న ఊరంతటి చేతా అదే పోయించాడు.

అప్పటికే ఒక విదేశీ పత్రికలో చదివాను, పైరునూ దాని తెగులునూ కలిపి సమీకరణాలుగా రాయవచ్చని. ఇక నిద్ర పట్టలేదు. పాతా కొత్తా రెండు రకాల వరి, అగ్గితెగులు తెచ్చే బూజులోనూ పాతా కొత్తా రెండు రకాలు పెట్టుకుని లెక్క వేసి చూశాను. ఊరంతా ఒకే వరి అయితే, దాన్ని తినగల బూజు ఎక్కడో పిసరంత ఉన్నా చాలు, ఏటేటా పెరుగుతుంది. మధ్యలో పాత వరి ఉంటే, దాని మీద పాత బూజుదే పైచేయి గనుక, కొత్తదాని జోరు తగ్గుతుంది. పరుగున వెళ్లి అన్నకు చెప్పాను.

"నిరుడు మాడి చచ్చిన వరిని మళ్లా పెట్టమంటావా? సరే, నీ బూజు ఎప్పుడొస్తాదో చెప్పు."

"ఎప్పుడో చెప్పలేను అన్నా. వస్తాదని మాత్రం చెప్తా."

"ఎప్పుడో తెలీని లెక్క ఏం లెక్కమ్మే!" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

మా చర్చివాళ్లకు ఒక అలవాటుంది. గింజ ముదిరే రోజుల్లో అందరూ కలిసి ఒకరి చేలో ఒకరు దిగి, వేరే రకం మొక్కలు, అంటే కేళీలు, ఏరేస్తారు. చేలో కేళీ కనబడితే ఆ ఇంటికి నామోషీ. మా చేలోనూ పాత గింజలు రాలి అక్కడక్కడా మొలగొలుకులు లేచాయి. వాటినైనా ఉంచమని గట్టు మీద అడ్డం నిలబడ్డాను.

"గట్టు దిగు. పదిమందిలో నా పరువు తీయబాక" అన్నాడు అన్న. తనే చేలో దిగి, ఒక్కటి మిగలకుండా పీకి గట్టు మీదికి విసిరాడు.

పంట విరగపండింది. ఆ మరుసటి ఏడూ అంతే. "ఏమ్మే, నీ బూజు ఎక్కడ తప్పిపోయింది?" అని ఊరంతా ఏడిపించారు. సెలవు దొరికితే చాలు, చేలో దిగి ఆకులు తిప్పి చూసేదాన్ని. నా లెక్క తప్పు కావాలనే దేవుణ్ణి వేడుకున్నాను.

ఆ తరువాతి ఏడు కాలవ పక్క మడిలో ఒక ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ కనబడింది. మధ్యలో బూడిద రంగు, అగ్గితెగులే. కేక వేస్తే అన్న పరుగెత్తుకొచ్చాడు. ఆకు తిప్పి చూశాడు. పక్క చేలోకి వెళ్లాడు, ఆ పక్క చేలోకి వెళ్లాడు. అన్నిట్లోనూ అదే మచ్చ.

"పాత విత్తనం ఎవురింట్లో ఉండాది?" అని ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. ఎవరింట్లోనూ లేదు.

పొద్దు వాలుతుండగా అన్న మా గట్టు మీద వంగి గడ్డి విడదీస్తూ కనబడ్డాడు. తను పీకి పారేసిన కేళీల్లో ఒక్కదాని గింజైనా రాలి మొలిచిందేమోనని వెతుకుతున్నాడు. నేనూ పక్కన కూర్చుని వెతికాను. ఉత్త గడ్డే ఉంది.