క్లాసు అయిపోయాక ఉండిపోయిన మేడమ్

దయ్యాలూ గియ్యాలూ నా దగ్గర చెల్లవు. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. రుజువు లేకపోతే మా అత్తగారి మాట కూడా నమ్మను. ఈ సంగతి ఇంకెవరైనా చెప్పి ఉంటే పక్కున నవ్వేదాన్ని. నాకే జరిగింది, ఏం చేస్తాం!

కరోనా రోజుల్లో కాలేజీ మూసేశారు. పాఠాలన్నీ ఫోన్లోనే. పిల్లల డేటా మిగులుతుందని కెమెరా ఆపేసి, తెర మీద రాస్తూ చెప్పేదాన్ని. సరిగ్గా పదకొండింటికి క్లాసు ముగించి, ఫోను చార్జింగుకు పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

రెండు నెలలయ్యాక, ఆన్‌లైన్ పాఠాలు తృప్తిగా ఉన్నాయా అని కాలేజీ వాళ్లు పిల్లల చేత ఫారాలు నింపించారు. మామూలు రోజుల్లో నన్ను నెత్తిన పెట్టుకునే పిల్లలే, మేడమ్ రైలు తోలినట్టు చెబుతారు, ఒక్క ముక్క అర్థం కాదు అని రాశారు. ఒళ్లు మండిపోయింది. శైలజ అనే అమ్మాయి ఒక్కతే చాలా తృప్తిగా ఉందని రాసింది. క్లాసు అయిపోయాక మేడమ్ ఉండి, తనకు మళ్లీ నిదానంగా చెబుతారట.

నేను ఎప్పుడూ అలా చెప్పలేదు. కాకా పడుతోందిలే అనుకుని వదిలేశాను.

శైలజది సింహాద్రిపురం దగ్గర పల్లె. మొదటి పరీక్షలో ఇరవైకి మూడు మార్కులు. రెండో పరీక్ష కూడా ఇంటి నుంచే ఫోన్లో రాసింది, పంతొమ్మిది వచ్చాయి. కాలేజీ తెరవగానే ప్రిన్సిపాల్ పిలిపించారు. వేరేవాళ్లు రాసిపెట్టారని ఆయన అనుమానం. మార్కులు కొట్టేస్తే పిల్ల తప్పినట్టే. తప్పితే చదువు మాన్పించి చీనీతోట, అదే బత్తాయితోట, పనిలో పెడతానని వాళ్ల నాయన అప్పటికే చెప్పేశాడట. పాపం, బిక్కచచ్చిపోయి ఉంది.

స్టాఫ్ రూములో కూర్చోబెట్టి గట్టిగానే అడిగాను. "నిజం చెప్పు, ఎవరు నేర్పించినారు?"

"మీరే కదా మేడమ్! అందరూ పోయినాక మీరు బోర్డు మీద చెప్తాంటిరి."

"యాడి బోర్డే?"

"మీ ఇంట్లోదే మేడమ్. కుడిపక్క మూల పగిలింటే ఎర్రగుడ్డ చుట్టినారు గదా."

ఆ బోర్డు మా పడకగదిలో ఉంటుంది. మా పాప చెయ్యి గీసుకుందని ఆ గుడ్డ చుట్టింది నేనే, అదీ లాక్‌డౌన్‌లో. ఏ క్లాసులోనూ దాన్ని చూపించలేదు. శైలజ మా ఇంటి గడప తొక్కలేదు.

ఆమె నోట్సు తిరగేశాను. లెక్క అయ్యాక జవాబు నుంచి వెనక్కి చేసుకుంటూ వచ్చి సరిచూసి, పక్కన చిన్న చుక్క పెట్టడం నా అలవాటు. ఫోన్లో టైం చాలక మానేశాను. ఆ నోట్సులో ప్రతి లెక్క పక్కనా ఆ చుక్క ఉంది. సీనియర్ల దగ్గర నేర్చుకుందేమో, సరే. మరి బోర్డు సంగతో? అప్పటికప్పుడు ఒక కష్టమైన లెక్క ఇచ్చాను. తడుముకోకుండా చేసేసింది.

ఆన్‌లైన్ క్లాసుల హాజరు రికార్డు తీయించాను. రోజూ పదకొండింటికే నేనూ, శైలజా, అందరూ బయటికి వెళ్లిపోయినట్టు ఉంది.

"విడిగా పాఠం చెప్పినానని మీరు రాసిస్తే మార్కులు ఉంచుతాను మేడమ్. లేదంటే కొట్టేస్తా," అన్నారు ప్రిన్సిపాల్. శైలజ తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూస్తోంది. ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

రోజూ క్లాసు తర్వాత శైలజకు విడిగా పాఠం చెప్పానని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

శైలజ ఇప్పుడు జమ్మలమడుగులో లెక్కల టీచరు. ఆ రోజుల్లో ఆమెకు పాఠం చెప్పింది ఎవరో నాకు తెలియదు. ఆ కాగితంలో నేను రాసింది అబద్ధమని మాత్రం ఈరోజుకీ ఒట్టేసి చెప్పలేను.