నాచారం బూతులో కాగితం ఓటు

బడిలో ఏళ్ల తరబడి పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి. ఎన్నికల పాఠం నాకు కంఠతా వచ్చు. రాష్ట్రం రాకముందు ఒకసారి నాచారంలో ఓ బూతుకు నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. ఆ తర్వాత ఆ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలచేత చదివించి ఊరుకునేవాణ్ణి.

పోలింగ్ ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ఒకామె చెమటలు కక్కుతూ వచ్చింది. మసాలా ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనట, షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. జాబితా చూస్తే ఆమె ఓటు పొద్దున్నే పడిపోయింది. రిజిస్టరులో ఆమె నంబరు ఎదురుగా ఇంగ్లీషులో సంతకం ఉంది.

"నాది నిశానీ సారూ. సంతకం జేసుడు నాకేడొస్తది?" అంటూ బొటనవేలు చూపించింది. చూపుడు వేలిమీద సిరా చుక్క లేదు. పార్టీల ఏజెంట్లు తేలు కుట్టిన దొంగల్లా తమ జాబితాల్లోకి తలలు దూర్చారు.

ఇలాంటివాళ్లకు మిషన్ మీద కాకుండా కాగితం మీద ఓటు వేయించి, విడిగా కవరులో పెట్టాలని నిబంధన. కోర్టు అడిగితే తప్ప ఆ కవరు విప్పరు, ఓటు లెక్కపెట్టరు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

ముద్ర వేసి, మడిచి, నా చేతికిచ్చింది. "నా ఓటు ఖరాబు గాదు గద?"

"భద్రంగా ఉంటుందమ్మా" అన్నాను. అబద్ధమాడలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సీళ్లు వేసేది అన్నీ ముగిశాకే. కానీ ఆమె కదలకుండా చూస్తుంటే ఉండబట్టలేక అప్పుడే లక్క కరిగించి కవరుకు సీలు వేశాను. రెండు చేతులెత్తి మొక్కి వెళ్లింది.

రాష్ట్రం ఖాయమై, మళ్లీ ఎన్నికలు దగ్గరపడిన రోజుల్లో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. ఆమే గుర్తుపట్టి పలకరించింది.

"ఈపారి గూడ కాయితమే అడుగుత సారూ. మిషిన్ల నా ఓటు ఎవరేస్తున్రో ఏమెర్క? గా కాయితానికైతే నా కండ్ల ముంగట్నే సీలేసినవు."

ఇక దాచలేకపోయాను. "దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదమ్మా. ఆ రోజే చెప్పాల్సింది."

తిట్టినా బాగుండేది. పేదవాడి కోపం పెదవికి చేటని ఎరిగిన మనిషి కాబోలు, నెమ్మదిగా అడిగింది.

"మరి సీలెందుకేసినవు సారూ?"

బోడుప్పల్ బస్సు వస్తే ఆమె ఎక్కి వెళ్లిపోయింది. ఆ ఎన్నికల్లో ఆమె ఓటు వేసిందో లేదో నాకు తెలియదు.