మూత లోపలి పన్నెండు మాటలు

నా ఇంటికి నేనే కన్నం వేసుకున్నాను, అదీ ఇనుప మేకుతో. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ సుజాత ముందే నవ్వేసింది. ఆ నవ్వు కంటే చివాట్లే నయం.

సుజాత సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో పనిచేస్తుంది. రోజూ గాజువాక నుంచి బస్సులో వేలాడుతూ వెళ్ళలేక, స్కూటర్ కోసం డబ్బు దాచుకుంది. దాన్ని పట్టుకెళ్ళి నేను క్రిప్టో కరెన్సీలో పెట్టాను. "స్కూటరేటే, కారే కొంతాను!" అన్నాను. ఆ రోజుల్లో నా నోటికి బ్రేకులుండేవి కావు.

ఫోన్‌లో ఆ డబ్బు ఉంచుకునే వాలెట్ తెరిస్తే పన్నెండు ఇంగ్లీషు మాటలిచ్చింది. ఫోను పోతే డబ్బు మళ్ళీ చేతికి రావడానికి అవే తాళంచెవి. వాటిని కంప్యూటర్‌లో ఫైలుగా దాస్తే దొంగలు ఎత్తుకుపోతారనీ, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోమనీ ఒక వీడియోలో మొత్తుకున్నారు. కాగితమా? నాలాంటి మేధావికా? సీపీయూ పక్కమూత విప్పి, లోపలివైపు రేకు మీద మేకుతో పన్నెండు మాటలూ గీకి, మరలు బిగించేశాను. ఇక ఏ హ్యాకర్ వస్తాడో రమ్మనండి! సముద్రపు గాలికి కిటికీ ఊచలే పొరలూడే ఊళ్ళో ఉంటూ, రంగు గీకిన రేకు తుప్పు పడుతుందని మాత్రం నాకు తట్టలేదు.

కొన్నాళ్ళకి భీమిలి బీచ్‌లో నా ఫోను జేబులోంచి జారి కెరటంలో కలిసిపోయింది. సుజాత గొల్లుమంది. నేను పెళ్ళికొడుకులా నవ్వుతూ ఇంటికొచ్చి, "సూడు నీ మొగుడి బుర్ర!" అంటూ మూత విప్పాను.

లోపల నున్నగా, తళతళలాడుతూ బూడిదరంగు పెయింటు.

అప్పుడు గుర్తొచ్చింది. సుజాత అన్నయ్య అప్పలరాజు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పెయింటర్. కిందటి వారం ఆయన ఇంటికొస్తే, "కంప్యూటర్ దుమ్ము దులిపెట్టు బావా" అని నేనే అప్పజెప్పి బజారుకి పోయాను. సుజాత ఫోన్ లాక్కుని ఆయనకి కలిపాను.

"బావా, మూతకి ఏటి సేసినావు?"

"తుప్పట్టిపోనాది బావా! ఎవుడో ఎదవ మేకెట్టి గీకేసినాడు. ఎమరీ పేపరెట్టి రుద్దేసి, రెడాక్సైడు కొట్టి, దాని మీద రెండు కోటింగులేసినాను. ఇంక జన్మలో తుప్పట్టదు."

"ఆ గీతలు సదివినావా?"

"ఏదో బనానా అని ఉంది. ఏ పిల్లోడో ఇంగ్లీసు నేర్సుకుంతన్నాడనుకున్నాను."

"మిగతా పదకొండూ?"

"నాకేటి తెల్సు? అవునుగానీ, పెయింటు డబ్బులేటీ ఇవ్వకు బావా. మనలో మనకేటి!"

సిగ్గుతో చచ్చిపోయాను. వాలెట్ నంబరు కొడితే అందులో ఎంతుందో ఇప్పటికీ చూడొచ్చు, తీయడమే కుదరదు. పైగా దిక్కుమాలిన ధర పెరుగుతూనే ఉంది. రోజూ పొద్దున్నే బస్టాపులో సుజాత అడుగుతుంది.

"ఏటండీ, నా బండి ఇయ్యాల ఎంతవరకూ వచ్చినాది?"

"కారైపోనాదే."

"అయితే డ్రైవర్ని రమ్మనండి" అని బస్సెక్కేస్తుంది.

అందుచేత, తుప్పు పట్టని ఆ మూత మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా రహస్యాలన్నీ కాగితం మీద రాసి మా ఆవిడకే అప్పజెబుతాను. శుభారంభంగా నా ఏటీఎం కార్డు పిన్ రాసి ఇవ్వబోతే అక్కర్లేదంది. పాత పిన్ తనకెప్పుడో తెలుసట; ఫోను మునిగిన రోజే నా పర్సులోంచి కార్డు తీసుకుని, పిన్ మార్చేసిందట. కొత్తది నాకు చెప్పలేదు.